మేడ కూలాక ముక్కలెవరు కొన్నారు?

పాత భవనాల కన్సల్టెన్సీలో గానీ, మ్యూజియం కేటలాగు విభాగంలో గానీ చేరినవాళ్ల బల్ల మీదికి ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి ఫైలు వచ్చి పడుతుంది. ఒక ఇల్లు, లేదా చర్చి, లేదా హోటలు. అందులో ఇంటికి పొసగని మెట్లవరుసో, గోడకంటే వయసెక్కువైన తలుపో ఉంటుంది. ‘ఫలానా ప్రభువుగారి మేడ కూల్చినప్పుడు తెచ్చారట’ అంటాడు యజమాని. ఆ మేడ ఇప్పుడు లేదు. నిజమో కాదో తేల్చమంటాడు మీ పై అధికారి.

చాలామంది వస్తువు దగ్గరే మొదలుపెడతారు. టేపూ కెమెరా పట్టుకుని వెళ్లి మెట్లన్నీ కొలిచి, వంద ఫొటోలు తీసుకుని వస్తారు. ఆ ఫొటోల్లో దేన్ని చూడాలో తెలియక మళ్లీ వెళ్తారు. నా సలహా వేరు. మొదటి వారం ఆ మెట్ల జోలికి పోకండి. ముందు అమ్మకం సంగతి చూడండి. మేడని ఎవరు అమ్మారు, ఏ అవసరం కొద్దీ అమ్మారు, ఎప్పుడు వేలం వేశారు, సరిగ్గా ఆ రోజుల్లో ఎవరెవరు కొత్తగా కట్టిస్తున్నారు? ఈ నాలుగూ కాగితం మీద పెట్టుకున్నాక వెళ్తే ఒక్కసారికే పని తెములుతుంది.

ఉత్తమాటలెందుకు, అందరికీ తెలిసిన కేసు ఒకటి తీసుకుందాం. లండనుకి వాయవ్యంగా, మిడిల్‌సెక్స్‌లోని లిటిల్ స్టాన్‌మోర్‌లో కానన్స్ అనే మేడ ఉండేది. కట్టించినవాడు జేమ్స్ బ్రిడ్జెస్. స్పెయిన్ వారసత్వ యుద్ధం రోజుల్లో విదేశాల్లో ఉన్న సైన్యానికి జీతాల ఖజానా ఆయన చేతిలో ఉండేది. సైన్యం డబ్బు చేతులు మారే దారిలో తనకీ బాగానే కూడింది. 1713లో పని మొదలుపెట్టి పదేళ్లపాటు కట్టించాడు. 1719లో షాండోస్ మొదటి డ్యూక్ అయ్యాడు. టాల్మన్, జాన్ జేమ్స్, జేమ్స్ గిబ్స్, జాన్ ప్రైస్ అంటూ ఆర్కిటెక్టుల్ని ఒకరి తర్వాత ఒకరిని మార్చాడు. సంగీతకారుడు హాండెల్ 1717-18లో ఆయన కొలువులో ఉండి చర్చి గీతాలు కట్టాడు. 1720లో సౌత్ సీ కంపెనీ షేర్లు కుప్పకూలినప్పుడు డ్యూక్ గట్టి దెబ్బ తిన్నాడు. 1744లో ఆయన పోయాక కొడుకు హెన్రీ చేతికి మేడతోపాటు అప్పులూ వచ్చాయి. 1747లో పన్నెండు రోజులపాటు వేలం సాగింది. సామాన్లే కాదు, మెట్లు, స్తంభాలు, కిటికీలు, పైకప్పు బొమ్మలు, ఆఖరికి కట్టడం సరుకంతా పాటకి పెట్టారు.

కొన్నవాళ్లెవరో చూడండి. వూస్టర్‌షైర్‌లోని గ్రేట్ విట్లీలో రెండో ఫోలీ ప్రభువు తన మేడ పక్కన చర్చికి లోపలి అలంకారం చేయిస్తున్నాడు. కానన్స్ ప్రార్థనామందిరం పైకప్పుకి ఆంటోనియో బెల్లూచి వేసిన చిత్రాలు, జాషువా ప్రైస్ రంగులద్దిన గాజు కిటికీలు ఆయన కొన్నాడు. లండన్ మేఫెయిర్‌లో చెస్టర్‌ఫీల్డ్ ప్రభువు ఐజాక్ వేర్ అనే ఆర్కిటెక్టు చేత అప్పుడే కొత్త ఇల్లు మొదలుపెట్టించాడు. పాలరాతి మెట్లు, స్తంభాలు ఆయనకి వెళ్లాయి. బకింగ్‌హామ్‌షైర్‌లోని ఫాలీలో జాన్ ఫ్రీమన్ 1748లో చర్చి తూర్పు భాగాన్ని మళ్లీ కట్టించాడు. ప్రార్థనామందిరం కొయ్యపని అక్కడికి చేరింది. హాంప్‌షైర్ ఓడరేవు ఊరు గాస్‌పోర్ట్‌లో హోలీ ట్రినిటీ చర్చివాళ్లు ఆర్గన్ వాద్యం కొన్నారు. డ్యూక్ తోటలో గుర్రమెక్కి కూర్చున్న మొదటి జార్జి రాజు విగ్రహం 1748కల్లా లండన్ లెస్టర్ స్క్వేర్ మధ్యలో నిలబడింది.

తేదీలు గమనించారా? అన్నీ 1747, 1748 చుట్టూనే. గోడౌనులో దాచి పెట్టుకుందామని ఎవరూ కొనలేదు. తాపీపని నడుస్తూ ఉన్నవాడికి, ఒక గది ఎత్తూ వెడల్పూ అప్పటికే ఖాయమైనవాడికి చవగ్గా దొరికిందని కొన్నారు. ఉమ్మడి ఇల్లు పంపకాలయ్యాక పెద్ద గంగాళం ఎటుపోయిందో తెలియాలంటే, ఆ ఏడు ఎవరింట్లో పెళ్లి జరిగిందో అడగాలి కదా. ఇదీ అంతే. మేడ కూలిన ఏడాదికి అటూ ఇటూ రెండు మూడేళ్లలో కట్టుబడి నడిచిన ఇళ్లూ చర్చిల జాబితా తయారు చేసుకోండి. మీ ఫైలులోని ఇల్లు ఆ జాబితాలో లేకపోతే, దాని యజమాని చెప్పే కథకి అప్పుడే ఒక చిన్న ప్రశ్నార్థకం పెట్టుకోవచ్చు.

జాబితా ఎలా తయారవుతుందంటే, ఇంగ్లండులో పనిచేసేవాళ్లకి సదుపాయాలెక్కువ. హోవర్డ్ కోల్విన్ తయారుచేసిన బ్రిటిష్ ఆర్కిటెక్టుల జీవితచరిత్ర నిఘంటువులో ఎవరు ఏ ఏడు ఏది కట్టారో వరసగా ఉంటుంది. పెవ్స్‌నర్ పేరుమీద వచ్చే జిల్లావారీ భవన పుస్తకాలు, విక్టోరియా కౌంటీ చరిత్ర సంపుటాలు, హిస్టారిక్ ఇంగ్లండ్ నడిపే జాతీయ వారసత్వ జాబితా మొదటిరోజే చూసేయాలి. చర్చి అయితే ఇంకో లాభం ఉంది. చర్చిలో ఒక బల్ల కదపాలన్నా బిషప్ కార్యాలయం అనుమతి కావాలి. ఆ అనుమతి పత్రాలు, చర్చి పెద్దల సమావేశాల పుస్తకాలు జిల్లా రికార్డు ఆఫీసులో దొరుకుతాయి. ఆర్గన్ కొన్నారా, ఎంతకి కొన్నారు, బండి కిరాయి ఎవరిచ్చారు లాంటివి వాటిలో ఉండే అవకాశం ఎక్కువ. బండి కిరాయి ఖాతా చాలామంది చూడరు. వస్తువు ఎక్కడినుంచి బయలుదేరిందో తెలిసేది అక్కడే. హోర్స్ లాంటి పాత బ్యాంకుల ఖాతా పుస్తకాలు కూడా మర్చిపోవద్దు.

వేలం జాబితా దొరికితే సగం పని అయిపోయినట్టే, కానీ ప్రతులన్నీ ఒకటి కావు. అచ్చయిన ప్రతిలో లాటు నంబరూ వర్ణనా మాత్రమే ఉంటాయి. వేలం గుమాస్తా చేతిలో ఉన్న ప్రతి మార్జిన్‌లో కొన్నవాడి పేరు, ధర సిరాతో రాసి ఉంటాయి. ఒక లైబ్రరీలో ప్రతి చూసి ఊరుకోకుండా, ఇంకెక్కడెక్కడ ప్రతులున్నాయో కనుక్కోండి. ఇంకో జాగ్రత్త ఉంది. జాబితాలో ఉన్న పేరు తరచుగా దళారీదో మేస్త్రీదో అవుతుంది. అసలు కొన్నాయన వెనక ఉంటాడు. కానన్స్ స్థలాన్నే తీసుకుంటే, దాన్ని కొన్నది విలియం హాలెట్ అనే పేరున్న ఫర్నిచర్ వడ్రంగి. పాత మేడ స్థానంలో ఆయన చిన్న ఇల్లు కట్టుకున్నాడు. ఇప్పుడది నార్త్ లండన్ కాలేజియట్ స్కూలు. డ్యూకుల చేతుల్లోంచి వడ్రంగి చేతికి స్థలం మారడం అప్పటి లోకానికి పెద్ద విడ్డూరమే.

కాగితాలు ఊళ్లోనే ఉంటాయని అనుకోకండి. కానన్స్ డ్యూక్ ఉత్తరాలూ లెక్కలూ చూడాలంటే ఇవాళ కాలిఫోర్నియాలోని సాన్ మరీనోకి, హంటింగ్టన్ లైబ్రరీకి వెళ్లాలి. మూడో డ్యూక్ కూతురు బకింగ్‌హామ్‌షైర్‌లోని స్టో మేడ కుటుంబంలోకి కోడలిగా వెళ్లింది. పుట్టింటి కాగితాలు అత్తింటి కాగితాల్లో కలిశాయి. 1920లలో స్టో కాగితాలన్నీ కలిపి హంటింగ్టన్ వాళ్లు కొన్నారు. ఆస్తి ఎక్కడుందో చూసి కాగితాల కోసం వెతికితే దొరకవు. ఆఖరి ఆడపిల్లని ఎవరికిచ్చారో చూస్తే దొరుకుతాయి. అమెరికాలో ఉన్న మన పరిశోధక విద్యార్థులకి ఈ ఒక్క సంగతి చేతిలో పని తెచ్చిపెడుతుంది. లండను సంస్థలు అక్కడికి మనిషిని పంపేకంటే అక్కడున్నవాళ్లకి రోజుకింత అని ఇచ్చి చూపించుకోవడమే నయమనుకుంటాయి.

తర్వాత దూరం లెక్క. మడిచేవీ చుట్టేవీ చాలా దూరం పోతాయి. బరువైనవి దగ్గర్లోనే ఆగుతాయి. కానన్స్ చిత్రాలూ గాజులూ వంద మైళ్లు దాటి వూస్టర్‌షైర్ వెళ్లాయి. పాలరాతి మెట్లు పదిమైళ్ల అవతల మేఫెయిర్‌లో దిగాయి. ఇక ఇటుకా, మామూలు రాయీ చుట్టుపక్కల కొట్టాలకీ, ప్రహరీలకీ, రోడ్డు గుంతలకీ పోతాయి. వాటిని వెతకడానికి కాగితాలు పనికిరావు, నడవాలి. నది ఒడ్డున ఉన్న ఊళ్లకి ఈ లెక్కలో మినహాయింపు ఇవ్వండి. పడవ ఎక్కితే రాయికైనా బరువు తగ్గుతుంది.

ఇప్పుడు వస్తువు దగ్గరికి వెళ్దాం. గ్రేట్ విట్లీ చర్చిలోకి వెళ్లి తల ఎత్తితే పైకప్పులో మూడు పెద్ద చిత్రాలు, వాటి చుట్టూ చిన్నవి, వాటన్నిటినీ చుట్టి తెల్లగా బంగారంగా అలంకారం కనిపిస్తుంది. మొత్తం కలిపి ‘కానన్స్ పైకప్పు’ అనేస్తారు అందరూ. బెల్లూచి చిత్రాలు కానన్స్‌వే. గాజు కిటికీలు పదీ కానన్స్‌వే. చుట్టూ ఉన్న అలంకారం మాత్రం కానన్స్‌లో బాగుట్టి అనే పనివాడు చేసిన గచ్చుపని కాదు. గచ్చు ఊడదీస్తే పొడైపోతుంది కదా, అందుకని దాని అచ్చు తీసుకుని, కాగితపు గుజ్జుతో మళ్లీ పోసి బిగించారు. ఒకే పైకప్పులో అసలూ నకలూ పక్కపక్కన ఉన్నాయన్నమాట. నకలంటే చులకన చేయక్కర్లేదు. అసలు గచ్చు పోయాక దాని ఆకారానికి మిగిలిన సాక్ష్యం ఇదే. కానీ రిపోర్టులో ఏది ఏదో విడదీసి రాయాలి. పైకప్పు మొత్తాన్ని కలిపి ఒక్క వాక్యంలో తేల్చేసే రిపోర్టు నా చేతికొస్తే సంతకం పెట్టకుండా వెనక్కి పంపుతాను.

చెస్టర్‌ఫీల్డ్ హౌస్ మెట్ల సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. మెట్ల పక్క లోహపు కటాంజనంలో షాండోస్ పేరు మొదటి అక్షరం, దాని మీద డ్యూక్ కిరీటం ఉండేవి. కొన్నాయన పేరూ ఇంగ్లీషులో అదే అక్షరంతో మొదలవుతుంది, కానీ ఆయన డ్యూక్ కాదు, ఎర్ల్. అక్షరాన్ని అలాగే ఉంచి కిరీటాన్ని మాత్రం ఎర్ల్ హోదాకి తగ్గించారని ఆ ఇంటి గురించి రాసినవాళ్లు చెబుతారు. నేర్చుకోవాల్సిందేమంటే, కొత్త యజమాని వేలుపెట్టిన చోటు వెతకాలి. అతుకు, కొత్త రివెట్టు, ఒక పక్క ఆకురాయి గీతలు, రంగు పొరల్లో తేడా. పాత ఇంటి గుర్తుని చెరపబోయిన చోటే దాని ఆనవాలు మిగులుతుంది.

మెట్లకి మాత్రం ఒక లెక్క తప్పనిసరిగా వేయాలి. కూలిన మేడ నిలువుకోత బొమ్మ దొరికితే, కింది నేల నుంచి పై నేల ఎత్తు తీసుకోండి. మీ ముందున్న మెట్టు ఎత్తుతో దాన్ని భాగించండి. పూర్తి సంఖ్య రావాలి. రాకపోతే రెండే కారణాలు. ఆ మెట్లు ఆ మేడవి కావు, లేదా కొత్త చోట ఎత్తుకి తగ్గట్టు మెట్లు తీసేశారు, చేర్చారు. రెండోదైతే చేర్చిన మెట్టు అడుగుభాగం చూస్తే తెలిసిపోతుంది. పాతదానికి ఉలి దెబ్బలుంటాయి, కొత్తదానికి యంత్రపు రంపం గీతలు ఉండొచ్చు. అంచు చెక్కుడు పోల్చడానికి సన్నని సూదులు వరసగా ఉండే ప్రొఫైల్ గేజీ కొనుక్కోండి. ఖరీదు పెద్దగా ఉండదు. కంటితో ‘ఒకేలా ఉంది’ అన్నదానికి రిపోర్టులో విలువ లేదు, గేజీ గీసిన గీతకి ఉంది.

దూలాల విషయంలో కాస్త ఆగి చూడాలి. పాత ఇంటి కప్పులో ఒక ఓక్ దూలం ఉందనుకోండి. దాని పక్కన పొడుగాటి చదరపు బెజ్జాలు, వాటిలో ఏమీ ఉండదు. ఒకప్పుడు వాటిలో ఇంకో కర్ర నాలుక దూర్చి, అడ్డంగా చెక్క మేకు కొట్టారు. ఆ మేకు రంధ్రాలు కూడా ఖాళీగా ఉంటాయి. బెజ్జాల మధ్య దూరం ఇప్పుడున్న గది కొలతకి ఏమాత్రం కలవదు. పక్కనే ఉలి మూలతో గీకిన రోమన్ అంకెలు కనిపిస్తాయి. ఏ కర్ర ఏ కర్రలోకి దిగాలో వడ్రంగి నేల మీద పేర్చినప్పుడు పెట్టుకున్న గుర్తులవి. ఈ కప్పులో ఉన్న దూలాల మీద అంకెలు రెండు, ఏడు, పన్నెండు అని చెల్లాచెదురుగా ఉన్నాయంటే మిగతావి ఎక్కడో ఉన్నాయన్నమాట, లేదా పొయ్యిలోకి పోయాయన్నమాట. ఇలాంటి దూలం చూపించి ‘ఇది పాత ఓడ కలప’ అని చెప్పని పల్లెటూరు ఇంగ్లండులో లేదు. నూటికి తొంభైసార్లు అది ఇంకో ఇంటి కలపే. ఓడ కర్రలు వంపుగా ఉంటాయి, ఇనుప మేకుల మరకలుంటాయి. తిన్నని దూలానికి సముద్రం కథ కట్టడం జనానికి సరదా. మీరు నవ్వి ఊరుకోండి, వాదించకండి, కానీ రాసుకోకండి.

ఓక్ అయితే చెట్టు వలయాలు లెక్కించి నరికిన ఏడు చెప్పే పద్ధతి ఉంది. ఖర్చవుతుంది, బెరడు అంచుదాకా లేత కలప మిగిలి ఉంటేనే ఖచ్చితంగా తేలుతుంది. అందుకని ఖర్చు పెట్టించే ముందు బెరడు అంచు ఉందో లేదో మీరే చూడండి. లేత కలప అసలే లేకపోతే ‘ఫలానా ఏడు తర్వాత’ అనే జవాబే వస్తుంది, దానికి డబ్బు పెట్టించినందుకు యజమాని మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటాడు. మేకులు చవకైన సాక్షులు. కమ్మరి కొట్టిన మేకు, యంత్రం కోసిన మేకు, తీగతో చేసిన మేకు, ఈ మూడింటి కాలాలు వేరు. మేకు ఒక్కటే వస్తువు వయసు చెప్పదు, దాన్ని అక్కడ బిగించిన కాలం చెబుతుంది. ఇలాంటి ఫైలులో అసలు అడుగుతున్నది కూడా అదే.

ఇరవయ్యో శతాబ్దపు కూల్చివేతలు వేరే తరహా. వాట్‌ఫర్డ్ దగ్గర కాసియోబరీ మేడ ఎసెక్స్ ఎర్ల్ కుటుంబానిది. 1922లో అమ్మకానికొచ్చింది, 1927లో కూల్చారు. దాని కొయ్య మెట్లవరుసని 1932లో న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియం కొంది. చాలాకాలం అది గ్రిన్లింగ్ గిబన్స్ చెక్కిందని చెప్పుకున్నారు. ఇప్పుడు ఎడ్వర్డ్ పియర్స్ పనిగా లెక్కిస్తున్నారు. ఇక్కడ వస్తువు ఏ మేడదో అనుమానం లేదు, ఎవరి చేతిపని అన్నదే మారింది. కేటలాగులో ఈ రెండూ వేరు వేరు గళ్లలో ఉండాలి. డెర్బీషైర్ సటన్ స్కార్స్‌డేల్ మేడకి 1920 ప్రాంతంలో కప్పు ఊడదీశారు. దాని గదుల చెక్కపలకలు ఫిలడెల్ఫియా మ్యూజియం చేరాయి. ఇంగ్లండులో ఆ మేడ కప్పులేని గోడలుగా నిలబడే ఉంది. అంటే పలకలు తీసిన గోడ మీద మేకుల గుర్తులు ఇక్కడ, పలకలు అక్కడ. రెండిటినీ పోల్చగలిగే అదృష్టం ఈ పనిలో తరచుగా పట్టదు. ఈ కాలం మేడలకి కంట్రీ లైఫ్ పత్రిక ఫొటోలే పెద్ద ఆధారం. 1897 నుంచి ఆ పత్రిక గది గదినీ ఫొటో తీయించింది. చెక్క మీద పగులు, కొయ్య ముడి ఫొటోలో కనిపిస్తే ఇక వాదనే లేదు. ఫర్నిచర్ కాదు, చెక్క ముడులు చూడండి.

రిపోర్టు భాష గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే కుర్రాళ్ల ఉద్యోగానికి ముప్పొచ్చేది ఇక్కడే. కాగితమూ వస్తువూ రెండూ సరిపోతే ‘అక్కడిదే’ అని రాయండి. వస్తువు సరిపోయి కాగితం లేకపోతే ‘అక్కడిది కావచ్చు’. నోటిమాట మాత్రమే ఉంటే ‘అక్కడిదని చెబుతారు’. ఏదో ఒకటి అడ్డం వస్తే ‘కాదు’. ఈ నాలుగింటి మధ్య జారిపోయే మాటలు వద్దు. గాస్‌పోర్ట్ ఆర్గన్‌నే చూడండి. అది కానన్స్ నుంచి వచ్చిందన్న మాటకి బలముంది. ‘హాండెల్ వాయించిన ఆర్గన్’ అన్న మాట మాత్రం ఇంకో సంగతి. హాండెల్ కొలువులో ఉన్నది 1717-18లో. కానన్స్ ప్రార్థనామందిరం తెరిచింది 1720లో, ఆబ్రహం జోర్డన్ చేసిన ఆ ఆర్గన్ కూడా ఆ ఏటిదే. కొలువు రోజుల్లో హాండెల్ గీతాలు వినిపించింది డ్యూక్ అప్పటికే కట్టించిన ఊరి చర్చిలో, లిటిల్ స్టాన్‌మోర్ సెయింట్ లారెన్స్‌లో. తర్వాత ఎప్పుడైనా వచ్చి వాయించాడేమో అనుకోవచ్చు, అనుకున్నది రిపోర్టులోకి రాకూడదు. ఒకే వస్తువు గురించి రెండు వాదనలుంటే రెండింటికీ వేరు వేరుగా తీర్పు ఇవ్వాలి. లండన్ గోల్డెన్ స్క్వేర్‌లోని రాజు విగ్రహం కూడా కానన్స్‌దేనని గైడుల నోట వినిపిస్తుంది. దాన్ని మూడో వరసలో, ‘చెబుతారు’ దగ్గరే ఉంచడం క్షేమం.

తలుపు తట్టే పద్ధతి కూడా నేర్చుకోవాల్సిందే. ముందు ఉత్తరం రాయండి, ఫోను తర్వాత. మీరు ఎవరి తరఫున వచ్చారో మొదటి వాక్యంలోనే చెప్పండి. యజమాని భయం ఒకటే, ఇది దొంగ సొత్తని తేల్చి పట్టుకుపోతారేమో, లేదా ఇంటికి కొత్త నిబంధనలు పడతాయేమో. రక్షిత జాబితాలో ఉన్న ఇల్లయితే గోడకి బిగించిన మెట్లూ పలకలూ కూడా ఆ రక్షణ కిందికే వస్తాయి, అనుమతి లేకుండా తీసి అమ్మడం నేరం. ఈ మాట దాచకండి, బెదిరింపుగానూ చెప్పకండి. యజమాని పెద్దావిడ అయితే టీ ఇస్తుంది, తాగండి. ఆల్బమ్ అడగండి. పెళ్లి ఫొటోలో వెనక కనిపించే తలుపు మీ నెల పని చేసిపెట్టొచ్చు. చిరునామాని రిపోర్టు ప్రజా ప్రతిలో పెట్టకండి. పాత సీసం రంగు గీకేటప్పుడు మాస్కు వేసుకోండి, పొడి గీకుడు వద్దే వద్దు.

డబ్బు సంగతి. ఫలితానికి ఫీజు ఒప్పుకోకండి. ‘కానన్స్‌దని తేలిస్తే ఇంత’ అన్న ఒప్పందం మీద సంతకం పెట్టినవాడికి అది కానన్స్‌ది కాకుండా ఎలా పోతుంది? ఎన్ని రోజులు, ఏయే రికార్డు ఆఫీసులు, ఎన్నిసార్లు సైటు చూడడం, ఇవి రాసుకుని రోజు లెక్కన తీసుకోండి. ఇంగ్లండులో జాబితాలో ఉన్న ఇంటికి మార్పులు చేయాలనుకున్న యజమాని దాని ప్రాముఖ్యం వివరించే నివేదిక ఇవ్వాలి కాబట్టి ఈ పని ఆగదు. పాత సరుకు వ్యాపారుల్లోనూ అవసరం ఉంది. సాల్వో అనే వ్యవస్థలో చేరిన వ్యాపారులు సరుకు ఎక్కడిదో రాసి పెట్టుకుంటామని మాటిస్తారు. ఆ రాత రాయడం వచ్చినవాళ్లు తక్కువ.

మన దగ్గర ఈ పని చేయదలచినవాళ్లకి కొంచెం వేరే దారి. తెలంగాణ గడీల తలుపులు, హైదరాబాదు దేవిడీల స్తంభాలు, గోదావరి మందువా లోగిళ్ల టేకు దూలాలు ఇప్పుడు రిసార్టుల్లో, హోటళ్లలో, ఫామ్‌హౌసుల్లో ఉన్నాయి. వేలం జాబితా అచ్చువేసే అలవాటు ఇక్కడ లేదు. దాని బదులు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో విక్రయ దస్తావేజు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చూడాలి. దస్తావేజులో ‘కలప, రాతి, తలుపులతో సహా’ అనో, ‘పడగొట్టుకుని తీసుకుపోయే షరతు మీద’ అనో రాసి ఉందేమో చూడండి. తర్వాత పాత కలప డిపోకి వెళ్లి, యజమానితో కాకుండా కోత మేస్త్రీతో మాట్లాడండి. ఆయనకి దూలం మీది సున్నపు గుర్తు చూస్తే ఏ ఊరినుంచి లారీ వచ్చిందో గుర్తొస్తుంది. విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ (ఎస్‌పీఏ)లో భవన పరిరక్షణ చదువుతున్నవాళ్లు ఒక్క సెలవుల కాలం ఇలాంటి మేస్త్రీ దగ్గర కూర్చుంటే చదువు మరోలా వంటబడుతుంది.

చట్టం మాత్రం మరవొద్దు. 1972 పురావస్తువుల చట్టంలో వందేళ్లు దాటిన పురావస్తువుల నిర్వచనంలోకి కట్టడం నుంచి ఊడదీసిన వస్తువు కూడా పేరుపెట్టి వస్తుంది. దేశం దాటించడం ప్రైవేటు వ్యక్తుల పని కాదు, పురావస్తువుల వ్యాపారానికి లైసెన్సు కావాలి, నోటిఫై చేసిన రకాలకి రిజిస్ట్రేషన్ ఉంది. విదేశీ కొనుగోలుదారుడు ‘గడీ తలుపు’ గురించి మిమ్మల్ని సర్టిఫికెట్ అడిగితే, ముందు అది ఎక్కడికి వెళ్తోందో అడగండి. జవాబు తిన్నగా రాకపోతే ఆ పని వదిలేయండి.

ఇక కానన్స్ ముక్కల్లో ఏవి మిగిలాయో చూస్తే వెతికేవాళ్లకి ఇంకో దారి తెలుస్తుంది. చర్చిలకి వెళ్లినవి విట్లీలో, ఫాలీలో, గాస్‌పోర్ట్‌లో ఉన్నచోటే ఉన్నాయి. లెస్టర్ స్క్వేర్‌లో నిలబడ్డ గుర్రపు విగ్రహాన్ని పందొమ్మిదో శతాబ్దంలో ఆకతాయిలు మచ్చల గుర్రంగా రంగులు పూసి ఎగతాళి చేశారు, 1870లలో తోట బాగుచేసేనాటికి అది తీసేశారు. ఇంటికి వెళ్లిన మెట్లకి రెండో జన్మ కూడా ముగిసింది, 1937లో చెస్టర్‌ఫీల్డ్ హౌసునే కూల్చేశారు. అదే ఏడు విట్లీ కోర్టు మేడ కాలిపోయింది, పక్కనున్న చర్చి మాత్రం మిగిలింది. కాబట్టి ఇంటికి చేరిన ముక్కని వెతుకుతుంటే ఒక్క వేలంతో ఆగకండి. రెండో ఇంటి అమ్మకం కూడా తీసి చూడాలి. చెస్టర్‌ఫీల్డ్ మెట్ల ఫైలు మీ బల్ల మీదికి వస్తే 1747 కాగితాలతో పాటు 1937 నాటివీ తెప్పించుకోండి. అప్పటికి టెలిఫోను, ఫొటో, కాంట్రాక్టరు బిల్లు అన్నీ ఉన్నాయి కాబట్టి అవి ముందుగా దొరుకుతాయి.